కంచు చెప్పు వెంట సిసిలీకి

ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో అగ్రిజెంటో ఊళ్లో నిలబడి దక్షిణం వైపు చూస్తే, కింద గట్టు మీద వరసగా తేనెరంగు స్తంభాలు, వాటి వెనక సముద్రం. గ్రీకుల కాలంలో ఈ ఊరి పేరు అక్రగాస్. క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిసిలీ మొత్తం మీద డబ్బున్న ఊళ్లలో ఇదొకటి. "మావాళ్లు రేపే పోతామన్నట్టు తింటారు, ఎప్పటికీ పోమన్నట్టు ఇళ్లు కట్టుకుంటారు" అని ఈ ఊరివాడే ఒకాయన అన్నట్టు పాత గ్రంథాల్లో ఉంది. ఆయన ఎంపెడోక్లీస్. తత్వవేత్త, కవి, వైద్యుడు. చివరికి తాను దేవుడినని నమ్మించడానికి ఎట్నా అగ్నిపర్వతంలో దూకేశాడని, కొండ ఆయన కంచు చెప్పును బయటికి ఊసేసి గుట్టు రట్టు చేసిందని కథ. చదువుకునే రోజుల నుంచీ నా బుర్రలో తిరుగుతున్న ఈ కథ కోసమే సిసిలీ వెళ్లాను.

గుళ్లలో కంకోర్డియా ఆలయం దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. 6వ శతాబ్దం చివర్లో దాన్ని చర్చిగా మార్చుకోవడం వల్ల బతికిపోయింది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం గ్రీకుల దేవరాజు జ్యూస్ పేరిట కట్టి, కూలిపోయిన ఆలయం. క్రీ.పూ. 480లో ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్ సైన్యాన్ని సిసిలీ ఉత్తర తీరంలోని హిమెరా దగ్గర ఓడించాక మొదలుపెట్టిన గుడి అది, పొడవు నూట పది మీటర్ల పైమాటే. ఇప్పుడు రాళ్ల గుట్ట. పైకప్పు భారం మోసిన రాతి మనుషుల్లో ఒకణ్ని మ్యూజియంలో నిలబెట్టారు, ఏడున్నర మీటర్లుంటాడు. ఆ యుద్ధం నాటికి ఎంపెడోక్లీస్ ఇంకా పిల్లవాడు. అంటే ఈ గుడి లేస్తుంటే చూస్తూ పెరిగాడన్నమాట.

కలిగిన కుటుంబం. తాతగారి పేరూ ఎంపెడోక్లీసే, గ్రీసులోని ఒలింపియాలో గుర్రప్పందెం గెలిచినవాడు. మనవడు అదే ఒలింపియాకి వెళ్లి జంతుబలి ఇవ్వకుండా, తేనె, యవల పిండి కలిపి ఎద్దు చేయించి దాన్ని సమర్పించాడంటారు. మన పిష్టపశువు గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. కారణం కూడా మనకి దగ్గరిదే. ఆయన పునర్జన్మను నమ్మాడు. "ఇంతకుముందు నేను అబ్బాయిని, అమ్మాయిని, పొదను, పక్షిని, సముద్రంలో మూగ చేపను" అని రాసుకున్నాడు. రూపం మారిన సొంత కొడుకునే తండ్రి బలిపీఠం మీదికెత్తి, మంత్రం చదువుతూ కోస్తున్నాడని ఇంకో చోట రాశాడు. ఆ పద్యం చదివాక ఆ పూట భోజనం సహించలేదు.

సృష్టి అంతా నిప్పు, గాలి, నీరు, భూమి కలయికే అన్నాడు. మన పంచభూతాల్లో ఆకాశం ఒక్కటీ లేదు. వీటిని కలిపేది ప్రేమ, విడదీసేది వైరం. నిజానికి పుట్టుకా లేదు, చావూ లేదు, కలవడం, విడిపోవడం మాత్రమే ఉన్నాయి. గాలి ఒక పదార్థమని చూపించడానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ నాకు ఎంతో ఇష్టం. అడుగున చిల్లులు, పైన సన్నటి మూతి ఉన్న పాత్రతో ఒక అమ్మాయి ఆడుకుంటోంది. మూతి వేలితో మూసి ముంచితే లోపలికి నీళ్లు రావు, వేలు తీస్తే వస్తాయి. గదికి వచ్చాక ప్లాస్టిక్ వాటర్ బాటిల్ అడుగున పిన్నీసుతో చిల్లులు పొడిచి, బొటనవేలితో మూతి నొక్కి సింకు నీళ్లలో ముంచాను. లోపల తడే తప్ప నీళ్లు లేవు. వేలు జరపగానే తడిచర్మానికి సన్నగా గాలి తగిలింది, నీళ్లు బుడబుడమంటూ లేచాయి. మళ్లీ మూతి మూసి పైకెత్తితే ఒక్క బొట్టూ రాలలేదు. ఇరవై నాలుగు శతాబ్దాల కిందటి మనిషి పక్కన నిలబడి పాఠం చెప్పినంత సంతోషం వేసింది.

మర్నాడు నైరుతి తీరంలోని సెలినుంటేకి వెళ్లాను. అప్పట్లో సెలీనస్ అనే గ్రీకు నగరం. ఒక పాత కథకుడు చెప్పిన సంగతి ఇది: పక్కనున్న నది కంపుకొట్టి జనం జబ్బున పడుతున్నారు, గర్భిణులు కాన్పుల్లో చనిపోతున్నారు. ఎంపెడోక్లీస్ సొంత ఖర్చుతో దగ్గర్లోని రెండు నదుల నీళ్లు మళ్లించి ఇందులో కలిపించాడు, నీరు బాగుపడింది, రోగం ఆగింది. అది మలేరియా అయ్యుంటుందని ఈ కాలంలో కొందరి ఊహ. పాత నగరానికి పడమర పారే మొదియోనె నదే ఆనాటి సెలీనస్ నది. ఇప్పుడు మన పల్లె పక్క వాగంత కూడా లేదు, రెల్లు కమ్మేసింది. గట్టు మీద నిలబడి చూస్తే నేల ఎంత పల్లమో తెలుస్తుంది. నీరు నిలవకేం చేస్తుంది? ఆ కాలపు సెలీనస్ వెండి నాణేల మీద నదీదేవత బలిపీఠం ముందు నిలబడి ఉంటాడు. ఆ రోగం పోయినందుకే అలా వేశారని చాలాకాలం నమ్మారు.

అసలు సంగతి ఇక్కడుంది. రోగం తగ్గాక ఊరివాళ్లు నది ఒడ్డున విందు చేసుకుంటుంటే ఎంపెడోక్లీస్ వచ్చాడు, అందరూ లేచి దేవుడికి మొక్కినట్టు మొక్కారు. వాళ్ల నమ్మకాన్ని నిలబెట్టడానికే తర్వాత నిప్పులో దూకాడని ఆ కథకుడే ముడిపెట్టాడు. అంటే ఎట్నా కథ మొదలైంది ఎట్నాలో కాదు, ఈ పల్లపు నేలలో.

ఎట్నాకీ వెళ్లాను. అగ్రిజెంటో నుంచి ఎట్నా పక్కనున్న కటానియాకి బస్సులో దాదాపు మూడు గంటలు. దారంతా ఆయన పద్యాలే చదువుకున్నాను. 1904లో ఈజిప్టులో కొన్న పాపిరస్ (పాతకాలపు కాగితం) ముక్కలు ఆయనవేనని 1990లలో తేలడంతో కొన్ని కొత్త పాదాలు కూడా దొరికాయి. రోప్‌వే 2,500 మీటర్ల దాకా తీసుకెళ్తుంది, అక్కణ్నుంచి పెద్ద చక్రాల బండి. 2,900 మీటర్ల దగ్గర 'తత్వవేత్త బురుజు' అనే చోటుంది. ఎంపెడోక్లీస్ అక్కడే ఉండేవాడని జనం మాట. ఆ పేరుతో ఉన్న బస భవనాన్ని ఈ శతాబ్దంలోనే లావా మింగేసింది. గైడు నల్లటి బూడిదరాళ్లను చేత్తో తవ్వి నా అరచేయి పెట్టించాడు. పైన చలికి ముక్కు కారుతోంది, జానెడు లోతులో నేల జ్వరమొచ్చిన ఒళ్లులా కాలుతోంది.

అక్కడ నిలబడితే కథ నాకు నిలవలేదు. ఎనభై మందితో విందు, అర్ధరాత్రి ఎవరో పిలిచిన గొంతు, ఆకాశంలో వెలుగు, తెల్లారేసరికి మనిషి లేడు. ఇది ఆయన చివరి రాత్రి గురించి ఒక కథనం. అక్కణ్నుంచి లేచి ఎట్నాకి బయల్దేరాడని ఇంకొకటి. బస్సుకే మూడు గంటల దారి, ఆపైన మూడు వేల మీటర్ల పైచిలుకు కొండ. అరిస్టాటిల్ లెక్కన ఆయన బతికింది అరవై ఏళ్లు. చెప్పు కథ అబద్ధమని ఆయన శిష్యుడు పౌసానియాసే అన్నాడట. గ్రీసుకి వెళ్లి తిరిగి రాలేదని చరిత్రకారుడు టిమేయస్ రాశాడు. నేను టిమేయస్ మాటే నమ్ముతాను. చావే లేదన్న మనిషి చావుతో ఏం రుజువు చేస్తాడు? ఊదారంగు వస్త్రం, బంగారు పట్టీ, కంచు చెప్పులు వేసుకుని తిరిగేవాడు, "నేను మీ మధ్య అమర్త్యుడైన దేవుణ్ని" అని పద్యంలోనే చెప్పుకున్నాడు. గిట్టనివాళ్లకి అంత చాలు.

ఎంపెడోక్లీస్ కోసం మీకు ఒక్క రోజే దొరికితే ఎట్నా వదిలేసి సెలినుంటే వెళ్లండి. వేసవైతే పొద్దున్నే గేటు తీయగానే లోపలికి వెళ్లాలి, తర్వాత నీడ దొరకదు. 1950లలో తిరిగి నిలబెట్టిన ఆలయం ముందే కనిపించి లాగుతుంది. దాన్ని తర్వాత చూడొచ్చు, ముందు మొదియోనె గట్టుకి నడవండి.