అక్క దమ్ము, చిన్నప్పటి గొంతు నొప్పి

పోయినేడు అక్క ఆరో నెల కడుపుతోని పుట్టింటికొచ్చింది, పరకాల దగ్గర మా ఊరికి. రాత్రి పండుకుంటే దమ్మొచ్చేది, రెండు దిండ్లు పెట్టినా ఆగకపోయేది, లేచి కూసొని తెల్లారేదాక దగ్గుడే. కడుపుతోని ఉన్నోళ్లకు అది మామూలే అని అవ్వ అన్నది, వాడకట్టు ఆడోళ్లూ అదే అన్నరు, నేనూ నమ్మిన. ఒకరోజు వాకిట్ల నుంచి మంచం దాక నడిచేసరికే మాట రాలే, అప్పటికప్పుడు కారు మాట్లాడుకొని హన్మకొండ తీస్కపోయినం.

డాక్టరమ్మ గుండె మీద స్టెతస్కోప్ పెట్టి చానాసేపు విన్నది, ఎకో అంటే గుండె స్కానింగ్ రాసింది. గుండెల ఎడమపక్క పై గదికి, కింది గదికి నడుమ మైట్రల్ వాల్వు అని తలుపు లెక్క ఒకటి ఉంటది, అది 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలె, అక్కకు 1 కూడా లేదు. రక్తం కిందికి దిగక ఊపిరితిత్తుల్ల నిలుస్తది, అందుకే పండుకుంటే దమ్ము. కడుపుతోని ఉన్నప్పుడు ఒంట్ల రక్తం దాదాపు సగం పెరుగుతది, గందుకే అన్నేండ్లు ఎట్లనో నెట్టుకొచ్చిన వాల్వు ఇగ తట్టుకోలే.

"చిన్నప్పుడు కీళ్లనొప్పులు వచ్చినయా?" అని అడిగింది. అవ్వకు యాదికొచ్చింది. నాలుగో తరగతిల గొంతునొప్పి, జ్వరం, తగ్గినయి అనుకున్న రెండు మూడు వారాలకు మోకాలు వాచింది, అది తగ్గి చీలమండ, అది తగ్గి మోచెయ్యి. వావిలాకు కాపడం పెట్టినం, ఊర్ల డాక్టరు నొప్పి గోలీలు ఇచ్చిండు, వారం పది రోజులకు బడికి పోయింది. అది రుమాటిక్ జ్వరం అని మాకు తెల్వదు. గొంతుల స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా పడితే దాన్ని చంపాల్సిన మన రక్షణ వ్యవస్థే పొరపాటున కీళ్లను, గుండె వాల్వును పట్టుకుంటది. కీళ్లు బాగైతయి, వాల్వు కాదు, ఏండ్లకేండ్లు మందమై అంచులు అతుక్కపోతయి. గుండెజబ్బు అంటే బీపీ, షుగర్, సిగరెట్ అనే అనుకుంటం, అక్కకు అవేవీ లేవు.

కడుపు మీద సీసం కవచం కప్పి, తొడ దగ్గరి రక్తనాళంల నుంచి బెలూన్ పంపి వాల్వు విప్పిన్రు, ఛాతి కోసుడు లేదు. ఆ రాత్రి అక్క ఒక్క దిండు మీద పండుకున్నది, నేను పక్కనే కూసొని చూసిన. గట్లనే వదిలేస్తే పై గది ఉబ్బి, గుండె లయ తప్పి, అండ్ల రక్తం గడ్డకట్టి మెదడుకు పోయి పక్షవాతం కూడా వస్తదట.

ఇప్పుడు 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది, తుంటికి ఇస్తరు, రెండ్రోజులు బాగనే నొస్తది. మంచిగనే ఉన్న కదా అని మధ్యల ఆపేసేటోళ్లు చానామంది, మళ్లా ఒక్కసారి ఆ జ్వరం వస్తే వాల్వు ఇంకింత పాడైతది, దయచేసి ఆపకున్రి.

గొంతునొప్పులన్నీ ఇట్ల కావు, ఎక్కువ మటుకు వాటంతట అవే తగ్గే వైరస్‌వే. కానీ 5 నుంచి 15 ఏండ్ల పిల్లలకు దగ్గు, జలుబు లేకుంట గొంతునొప్పి, జ్వరం, దవడ కింద బిళ్లలు కడితే మాత్రం డాక్టరుకు చూపియ్యిన్రి, మొదలైన 9 రోజుల లోపల పెన్సిలిన్ పడితే రుమాటిక్ జ్వరం రాకుంట ఆపొచ్చు. నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారుతుంటే ఎదిగే వయసు నొప్పులని అస్సలే ఊకోకున్రి, ఎకో తీపియ్యిన్రి.

గురువారం అక్కకు సూది ఉంది, బావకు డ్యూటీ, నేనే తీస్కపోత.