మాధవమాల చెక్క, గుడిమల్లం రాయి

తిరుపతిలో శ్రీకాళహస్తి బస్సెక్కి, రేణిగుంట దాటాక ఏర్పేడులో దిగాను. అక్కణ్ణించి ఆటోలో మాధవమాల, చెక్కతో దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాళ్ల ఊరు. ఉలి మీద కొడతి దెబ్బలు వీధిలోకే వినిపిస్తాయి. అరుగుల మీద సగం చెక్కిన దేవుళ్లు వరసగా పడుకుని ఉంటారు.

ఎక్కువసేపు కూర్చున్నది 31 ఇంచుల వేంకటేశ్వరుడి దగ్గర. శిల్పశాస్త్రంలో ఉత్తమ దశతాళం అనే కొలతల పద్ధతిలో విగ్రహం నిలువును 124 భాగాలు చేస్తారు. ఒక్కో భాగం ఒక దేహాంగుళం. ఇది స్కేలు మీది కొలత కాదు, విగ్రహం పెరిగితే ఇదీ పెరుగుతుంది. 31 ఇంచుల బొమ్మకు సరిగ్గా పావు ఇంచి. ఉష్ణీషం (నడినెత్తి భాగం) 4, ముఖం 13½, మెడ 4. మెడ నుంచి గుండెకు, గుండె నుంచి నాభికి, నాభి నుంచి మూలానికి (తొడలు మొదలయ్యే చోటికి) ఒక్కోటి 13½. అక్కడికి 62, అంటే సరిగ్గా సగం. కింద తొడ 27, మోకాలు 4, పిక్క 27, పాదం 4. కిరీటం, పీఠం ఈ లెక్కలోకి రావు. కొత్తగా నేర్చుకునేవాళ్లు బొడ్డునే నడుమ అనుకుని గీత పెడతారు, కాళ్లు పొట్టివైపోతాయి. అందుకే ముందు మధ్యసూత్రం, అంటే నడిమధ్య నిలువు గీత, దాని మీద 62 దగ్గర అడ్డగీత, ఆ తర్వాతే బాడిసతో చెక్కడం.

దుంగ ఎంపిక దగ్గరే సగం పని ఉంది. మాను నడిబొడ్డు విగ్రహం లోపల ఉండిపోతే ఎప్పటికైనా నిలువునా పగులు తప్పదు. ఆరేటప్పుడు చెక్క వలయాల వెంబడి ఎక్కువగా, అడ్డంగా తక్కువగా కుంచించుకుపోతుంది మరి. నడిబొడ్డు తప్పించి పక్క ముక్క తీసుకోవాలి, లేదా వీపు వైపు తొలిచేయాలి.

ముఖంలో మొదట తేలాల్సింది ముక్కు కొన. అదే అన్నిటికంటే ముందుకొచ్చే చోటు. దాన్ని వదిలిపెట్టి రెండు చెంపలూ వెనక్కి వాలుగా దించుకుంటూ పోతారు. కళ్లు చివర్న. కళ్లు ముందే గీసేస్తే ముఖం పలకలా చదునైపోతుంది. "ముక్కు ఒక్కసారి పోయిందంటే ముఖమంతా లోపలికి దించుకోవాల్సిందే సామీ" అన్నాడు ఉలి పట్టిన పెద్దాయన.

పక్కనే వేణుగోపాలుడు. బరువు మోసే కాలి వైపు నడుము పైకి లేచి, అదే వైపు భుజం కిందికి వాలింది. మెడ గుంట నుంచి దారానికి గుండు కట్టి వదిలితే ఆ పాదం మీదే పడాలి. తప్పితే బొమ్మ పడిపోతున్నట్టు కనిపిస్తుంది. నిలువు దుంగలో నార పైనుంచి కిందికి పోతుంది కాబట్టి ముందుకు చాచిన ముంజేయి నారకు అడ్డం పడి చిటుక్కున విరుగుతుంది. అందుకని ఆ చేతిని నార పొడుగునా వచ్చేలా వేరే ముక్కలో చెక్కి, చెక్కమేకుతో బిగించి, అతుకును దండకడియం కింద దాచేస్తారు. వేణువు కూడా విడి ముక్కే.

మధ్యాహ్నం గుడిమల్లం వెళ్లాను. పరశురామేశ్వరాలయంలో గర్భగుడి నేల పల్లంగా ఉంటుంది, దిగి చూడాలి. సుమారు 5 అడుగుల లింగం మీద, మరుగుజ్జు భుజాలపై నిలబడిన రుద్రుడు. చాలామంది చరిత్రకారులు దీన్ని క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల నాటిదంటారు. మాధవమాల నుంచి వచ్చిన కంటికి ముందుగా కనిపించేవి చేతులే. కుడిచేత తలకిందులుగా పట్టుకున్న పొట్టేలు, ఎడమచేత చిన్న కుండ, భుజం మీద గొడ్డలి. రెండు చేతులూ ఒంటిని ఆనుకుని కిందికే దిగాయి. గాల్లోకి చాచిన భాగం ఒక్కటీ లేదు, వెనక లింగం అంతటినీ పట్టుకుని ఉంది.