అడుగు మట్టిలో ఆక్సిజన్ కొలవడం: ఓడ మీద నా అనుభవం

నాకు తెలియాల్సింది ఒక్కటే. 1500 మీటర్ల లోతున, సముద్రపు అడుగు మట్టిలోకి ఆక్సిజన్ ఎంత దూరం దిగుతోంది? ఆ మట్టిని గొట్టంతో పైకి తెచ్చి ఓడ మీదే కొలిస్తే సరిపోదా అని మొదట్లో నేనూ అడిగాను. సరిపోదు. అడుగున నీళ్లు బాగా చల్లగా ఉంటాయి. నీటి పీడనం ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనమంత పెరుగుతూ, అక్కడికి దాదాపు 150 రెట్లు అవుతుంది. మట్టి పైకి వచ్చేసరికి ఆ పీడనం పోతుంది, చలి తగ్గుతుంది, సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను ఇంకా వేగంగా వాడేస్తాయి. దాంతో అసలు కంటే తక్కువ లోతు వరకే ఆక్సిజన్ ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే పరికరమే కిందికి దిగాలి.

మా పరికరం ల్యాండర్, అంటే సముద్రపు అడుగున దిగి తనంతట తానే కొలిచేది. మూడు కాళ్ల లోహపు చట్రం, పైన తేలడానికి గాజు గోళాలు, కింద దాన్ని ముంచే ఇనుప బరువులు. మధ్యలో ఒక మోటారు, దానికి బిగించిన మూడు గాజు సెన్సర్లు. వాటి మొన వెంట్రుక కంటే సన్నం. మొన దగ్గరున్న పల్చటి సిలికోన్ పొరను దాటి ఆక్సిజన్ లోపలికి వస్తే, అక్కడి క్యాథోడ్ (రుణ ధ్రువం) దగ్గర కరెంటు పుడుతుంది. అది ఆంపియర్‌లో లక్ష కోట్ల వంతుల లెక్కలో ఉంటుంది. ఇలాంటి సూదితో మట్టిలో ఆక్సిజన్‌ను కొలవవచ్చని శాస్త్రవేత్త నీల్స్ పీటర్ రెవ్స్‌బెక్ బృందం 1980లో చూపించింది. ఆ తర్వాత ఆ దశకంలోనే క్లేర్ రీమర్స్ లాంటివాళ్లు దాన్ని లోతు సముద్రానికి తీసుకెళ్లారు. ఆ పేపర్లు చదువుతున్నప్పుడు అంతా తేలిగ్గా అనిపించింది.

ఓడ మీద ఆ తేలిక లేదు. సెన్సర్లకు రాత్రంతా మైనస్ 0.8 వోల్టు ఇచ్చి ఉంచితే గానీ రీడింగ్ స్థిరపడదు. తర్వాత క్యాలిబ్రేషన్, అంటే ఆక్సిజన్ ఎంతుందో తెలిసిన నీళ్లలో పెట్టి సరిచూడడం. అడుగున ఎంత చల్లగా ఉంటుందో అంత చల్లటి సముద్రపు నీళ్లలో గాలి బుడగలు పంపి ఒక రీడింగ్, సోడియం సల్ఫైట్ కలిపి ఆక్సిజన్ లేకుండా చేసిన నీళ్లలో ఇంకో రీడింగ్. రెండో సెన్సర్ సున్నా దగ్గర నిలవకుండా మెల్లగా పైకి పాకుతూనే ఉంది. గంటసేపు చూశాను. పొర పగిలిందని అర్థమయ్యాక దాన్ని తీసేసి కొత్తది బిగించి, వోల్టేజ్ ఇవ్వడం మళ్లీ మొదటి నుంచి. అప్పటికి రాత్రి రెండు దాటింది.

అన్నిటికంటే భయపెట్టింది మాత్రం ఓ-రింగ్, మూత సందును మూసే రబ్బరు చుట్టు. ఎలక్ట్రానిక్స్ ఉండే టైటానియం గొట్టానికి 10 సెంటీమీటర్ల వెడల్పు మూత. 1500 మీటర్ల దగ్గర ఆ మూత మీద పడే బరువు సుమారు 12 టన్నులు. లోపలికి నీళ్లు రాకుండా ఆపేది ఆ ఒక్క చుట్టే. గాడిని తుడిచి, ఓ-రింగ్‌కు సిలికోన్ గ్రీజు పల్చగా రాసి, టార్చి పక్కనుంచి వేసి చూశాను. మెరిసే గ్రీజులో ఒక సన్నని తెల్లటి పోగు కనిపించింది. తుడిచిన టిష్యూదే. ఆ పోగు వెంట నీళ్లు దారి చేసుకోగలవు. రింగ్ తీసేసి, పీచు రాలని గుడ్డతో మళ్లీ తుడిచాను. మూత పడేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మొదటిసారి దించినప్పుడు పరికరమంతా బాగానే పనిచేసింది, డేటా మాత్రం పనికిరాలేదు. మట్టి మేం అనుకున్నదానికంటే మెత్తన. కాళ్లు లోతుగా దిగబడి, మొదటి రీడింగ్‌కే సెన్సర్ మొనలు మట్టిలో ఉన్నాయి. పై నీళ్ల రీడింగ్ లేకపోతే మట్టి ఉపరితలం ఎక్కడుందో తెలియదు. పైగా చలికీ పీడనానికీ సెన్సర్ సిగ్నల్ మారుతుంది కాబట్టి, అడుగు నీళ్లలో వచ్చిన రీడింగ్‌నే ఆధారంగా పెట్టుకోవాలి. ఆ ఆధారం లేని ఆక్సిజన్ గ్రాఫు గీత దేనికి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు కాళ్ల కింద వెడల్పాటి పలకలు బిగించాం. సెన్సర్లు ఇంకొంచెం పైనుంచి మొదలయ్యేలా ప్రోగ్రాం మార్చాను. 100 మైక్రాన్లు (మిల్లీమీటరులో పదో వంతు) దిగడం, ఆగడం, కొలవడం, మళ్లీ దిగడం. ఓ-రింగ్‌ను ఈసారి ఇద్దరం చూశాం.

పని పూర్తయ్యే సమయానికి, బరువులు వదిలేయమని నీళ్లలోకి శబ్ద సంకేతం పంపాం. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది, అంటే వెళ్లి రావడానికి రెండు సెకన్లు. ఆ రెండు సెకన్ల టెన్షన్ ఎలాంటిదో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నవాళ్లకే తెలుసు. జవాబు వచ్చింది. అరగంట తర్వాత దూరంగా అలల మీద నారింజ రంగు జెండా కనిపించింది.

ఇంకో పని మిగిలింది. అదే లోతు నుంచి సీసాలో తెచ్చిన నీళ్లకు వింక్లర్ పరీక్ష, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలవడం. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ దాని మీదే నాకు నమ్మకం. మాంగనీసు లవణం, క్షారం కలిసిన అయోడైడ్ వేయగానే గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆమ్లం వేస్తే కరిగి అయోడిన్ వస్తుంది. పిండిద్రావణంతో నీలంగా మారిన ఆ నీళ్లలోకి థయోసల్ఫేట్ చుక్క చుక్కగా వదలాలి. చివరి చుక్కకు నీలం ఒక్కసారిగా మాయమైంది. అడుగు నీళ్లలో ఆక్సిజన్ ఎంతో నా చేతికొచ్చింది.

ఆ విలువతో సెన్సర్ల డేటా సరిచేసి గీత గీశాను. పైన నీళ్లలో నిలువుగా, మట్టికి మిల్లీమీటరు కంటే తక్కువ దూరంలో వంపు, ఆ తర్వాత మట్టిలో వేగంగా పడిపోయి, సెంటీమీటరు దాటకుండానే సున్నా. మూడో సెన్సర్ మొన గులకకు తగిలి విరిగింది. మిగతా రెండు గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాటిని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత విరిగినదాన్ని తీసి, కొత్త సెన్సర్ బిగించి, తర్వాతి స్టేషన్ (కొలిచే చోటు) కోసం వోల్టేజ్ ఆన్ చేశాను.