అవ్వ లైటు ఆపిన పావుగంట

మా చిన్నవాడు మిణుగురు పురుగును మొదట చూసింది పెన్సిల్వేనియాలో, మా ఇంటి వెనుక పచ్చికలో. నేను చూసింది పాకాల దగ్గర మా ఊరి మామిడి తోపులో. ఒకే పురుగును గురించి వాడికి తెలిసిందీ నాకు తెలిసిందీ పూర్తిగా వేరని గత జూన్‌లో పిల్లలతో ఊరికి వెళ్లేదాకా నేను గమనించలేదు.

తొమ్మిదేళ్ల ఆ పిల్లవాడికి మిణుగురు అంటే ఒక లెక్క. మా పెరట్లో ఎక్కువగా కనిపించే జాతి పేరు ఫోటినస్ పైరాలిస్. మగ పురుగు సుమారు ఆరు సెకన్లకొకసారి కిందికి జారి పైకి లేస్తూ వెలుగుతుంది కాబట్టి, చీకట్లో ఎవరో కొక్కెం గీసినట్టు కనిపిస్తుంది. గడ్డిపరక మీద కూర్చున్న ఆడ పురుగుకు అది నచ్చితే దాదాపు రెండు సెకన్లు ఆగి ఒక్కసారి వెలుగుతుంది. ఆ రెండు సెకన్ల ఆలస్యమే దాని సంతకం. దాన్ని బట్టే మగది తన జాతి ఆడదాన్ని గుర్తుపడుతుంది. మావాడు చిన్న టార్చిలైటును వేళ్లతో మూసి పట్టుకుని, మగది వెలిగి ఆరగానే రెండు అంకెలు లెక్కపెట్టి, వేలు తీసి మూసేవాడు. ఇంగ్లీషులో లెక్కపెడితే అంకెలు చప్పున అయిపోయేవి. ఒకసారి పక్కనే ఉన్న నేను "ఒకటీ... రెండూ" అని సాగదీస్తే లెక్క సరిపోయి, పురుగు నేరుగా వచ్చి వాడి మోకాలి మీద వాలింది. ఇంట్లో ఎంత బతిమాలినా తెలుగులో జవాబు చెప్పని వాడు, ఆనాటి నుండి మిణుగురులకు మాత్రం తెలుగులోనే లెక్కపెడుతున్నాడు. నా పెంపకానికి దక్కిన విజయాల్లో ఇదొకటని నేను కొంత సిగ్గుతోనే ఒప్పుకుంటాను.

ఊళ్లో మొదటి రెండు రాత్రులూ ఒక్క పురుగూ కనిపించలేదు. మృగశిర కార్తె వాన పడి నేల తడిసి ఉంది, కప్పలు అరుస్తున్నాయి, కానీ ఇంటి ముందు కరెంటు స్తంభానికి, వాకిట్లో గుమ్మం పైన, మోటారు షెడ్డు మీద, ఇలా ఎక్కడ చూసినా తెల్లటి ఎల్‌ఈడీ బల్బులే. నా చిన్నతనంలో ఆ వాకిట్లో ఒక్క నలభై వాట్ల బల్బు, అదీ కరెంటు ఉన్న రోజున, ఉండేది. చీకటి తగ్గినచోట మిణుగురులు తగ్గుతాయి. వెలుతురు ఎక్కువైతే మగదాని మెరుపు ఆడదానికి కనిపించదు, కనిపించకపోతే జవాబు రాదు, జవాబు రాకపోతే గుడ్లూ ఉండవు. ప్రపంచవ్యాప్తంగా మిణుగురుల నిపుణుల అభిప్రాయాలను సేకరించి 2020లో ప్రచురించిన పరిశీలనలో, వాటికున్న ప్రమాదాల్లో నివాస స్థలాలు పోవడం తర్వాత రాత్రి వెలుతురూ పురుగుమందులూ ముఖ్యమైనవిగా తేలాయి.

పురుగుమందుల విషయంలో వేలెత్తి చూపే అర్హత నాకు లేదు. తేనెమంచు పురుగు నుండి మామిడి పూతను కాపాడుకోవడానికి మా తమ్ముడు మందు కొడతాడు, అది వాడి జీవనం. పెన్సిల్వేనియాలో మేము మాత్రం సాయంత్రం పెరట్లో హాయిగా కూర్చోవడం కోసమని రెండేళ్లు దోమల మందు కొట్టించాం. మిణుగురు ఏడాది రెండేళ్లపాటు నేలలో లార్వాగా, అంటే రెక్కలు రాని పిల్లపురుగుగా బతికి, నత్తలనూ వానపాములనూ తిని పెరిగి, రెక్కలొచ్చాక కొన్ని వారాలు మాత్రమే ఎగురుతుందనీ, చాలా జాతుల్లో ఆ వారాల్లో పెద్దగా ఏమీ తినదనీ నాకు తెలియజెప్పింది మా చిన్నవాడే. మనం చూసేది దాని జీవితంలో చివరి ఘట్టం. లార్వా కూడా వెలుగుతుంది, జతకోసం కాదు. తన ఒంట్లోని చేదు విషం సంగతి కప్పకూ బల్లికీ ముందే తెలియజేయడానికి.

మూడో రోజు భోజనాల దగ్గర మా అమ్మ గిజిగాడి కథ చెప్పింది. బావి మీదికి వంగిన ఈతచెట్టుకు వేలాడే గూటిలో, తడి మట్టిముద్దకు మిణుగురును అంటించి ఆ పిట్ట దీపం పెట్టుకుంటుందని మా ప్రాంతంలో అందరూ నమ్మేదే. గిజిగాడు గూటిలో మట్టి అతికించే మాట నిజమే, దీపం మాత్రం కథ. మావాడు వెంటనే అది వేడి లేని దీపమని, ల్యూసిఫెరిన్ అనే పదార్థం ల్యూసిఫెరేజ్ అనే ఎంజైమ్ సాయంతో ఆక్సిజన్‌తో కలిస్తే వెలుగు పుడుతుందని, దానికి శక్తి కణాల్లోని ఏటీపీ అనే పదార్థం నుండి వస్తుందని ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ సాంతం విని, "వేడి లేదని మాకెప్పుడో తెలుసు నాయనా, జడలో పెట్టుకుని తిరిగినామే, ఎవరి జడన్నా కాలిందా?" అంది. వాడికి అది అనువదించే అవసరం రాలేదు. అవ్వ జడ పట్టుకుని నవ్వాడు.

చీకట్లో పాములుంటాయన్నది అమ్మ భయం, అది ఉత్త భయమూ కాదు. చివరికి పావుగంట మాత్రం లైట్లు ఆపడానికి, అరుగు దిగకుండా ఉండడానికి ఒప్పందం కుదిరింది. ఎనిమిది గంటలకు తనే స్విచ్చి ఆపింది. కళ్లు చీకటికి అలవాటు పడే సరికి తోపు అంచున ఒకటి, కానుగ చెట్టు కింద రెండు, అలా అక్కడక్కడా మొత్తం పదకొండు. ఒకటి అరుగు దాకా వస్తే వాడు అరచేతిలో మూసి, వెల్లకిలా తిప్పి, ఫోను వెలుతురులో చూపించాడు: పొట్ట చివర మీగడ రంగులో రెండు పట్టీలు. రెండుంటే మగది, ఒకటే ఉంటే ఆడదని అవ్వకు వేళ్లతో చూపించాడు.

తర్వాత టార్చిలైటు తీశాడు. "ఒకటీ... రెండూ" అని వేలు తీశాడు. ఏదీ రాలేదు. అమెరికా జాతుల సంకేతం ఇక్కడి జాతులకు చెల్లదు. ఒక్కో జాతికి ఒక్కో లయ. పైగా జవాబిచ్చిన వెలుగునల్లా నమ్మడమూ ప్రమాదమే: అమెరికాలోని ఫోటూరిస్ అనే రకం మిణుగురుల్లో ఆడ పురుగులు వేరే జాతి ఆడదాని జవాబును అనుకరించి, వచ్చిన మగదాన్ని తినేస్తాయని 1965లో జేమ్స్ లాయిడ్ అనే కీటక శాస్త్రవేత్త తెలియజేశాడు. పెన్సిల్వేనియా 1974లో మిణుగురును రాష్ట్ర కీటకంగా ప్రకటించి, 1988లో ప్రత్యేకంగా ఎంచుకున్న జాతి సరిగ్గా ఆ కుటిల ఫోటూరిస్ రకానిదే.

పావుగంట అయింది. అమ్మ లేచి స్విచ్చి దగ్గర నిలబడింది, కానీ వెయ్యలేదు. వాడు అరుగు అంచున కాళ్లు పైకి మడుచుకుని, ఈసారి ఒక్క అంకెతో ప్రయత్నించి, తర్వాత మూడుకు వెళ్లాడు. "ఒకటీ... రెండూ... మూడూ" అని వాడితోపాటు అవ్వ కూడా లెక్కపెట్టింది.