నాలుగు చోట్లు వద్దు, రెండు చాలు

వానలు మొదలైతే చాలు, ఆదివారాలు హైదరాబాద్ నుంచి ములుగు వైపు కార్లు బారులు కడతాయి. పొద్దున్నే బయల్దేరి రామప్ప గుడి, లక్నవరం చెరువు, మేడారం, బొగత జలపాతం అన్నీ ఒక్కరోజులో చుట్టేసి అర్ధరాత్రికి ఇల్లు చేరడం మామూలు ప్లాన్. ఆ లెక్కన వాళ్లు ఎక్కువసేపు చూసేది రోడ్డునే. పర్యావరణానికి హాని చెయ్యకుండా తిరగడం అనగానే అందరూ స్టీలు బాటిల్, గుడ్డ సంచి గురించి చెబుతారు. అవీ ఉండాల్సిందే. కానీ నన్నడిగితే అసలు భారమంతా కిలోమీటర్లలో ఉంది. హైదరాబాద్ నుంచి రామప్పకు రానుపోను 400 కిలోమీటర్ల పైనే. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 27 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 60 కిలోల పైమాటే. బొగత కూడా కలిపితే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే ఈసారి మేము రామప్ప, లక్నవరం రెండే పెట్టుకున్నాం. కారు ఇంట్లోనే ఉంచి కాజీపేట దాకా రైలెక్కాం. హన్మకొండలో మా చిన్నమ్మ ఇంట్లో బస.

"ఏందే, కారుండంగ బస్సుల తిప్పుతవా అల్లుడిని? ఏమనుకుంటడు?" అంది చిన్నమ్మ. అల్లుడు, అంటే మా ఆయన, ఏమీ అనుకోలేదు గానీ బస్సులో కొంచెం మొహం చిన్నబుచ్చుకున్నాడు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా. నాకు, మా అమ్మాయికి, మాతో బయల్దేరిన చిన్నమ్మకు కండక్టర్ జీరో టికెట్లు ఇచ్చి, డబ్బులు ఆయన ఒక్కడి దగ్గరే తీసుకున్నాడు. ఒక సంగతి. మేము ఎక్కినా ఎక్కకపోయినా ఆ ఏటూరునాగారం బస్సు పోయేదే. దానికి మా వల్ల అదనంగా కాలే డీజిల్ లెక్కలోకి రానంత.

ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగి, పాలంపేటకు ఆటో మాట్లాడుకున్నాం. ఆటో పొగ తక్కువేం కాదు. కానీ పది పన్నెండు కిలోమీటర్లకు ఆటో వేరు, ఇంటి గుమ్మం నుంచి గుడి గుమ్మం దాకా కారు వేరు.

రామప్పలో సగం రోజు పైనే ఉన్నాం. ఇంకో చోటికి పరుగెత్తాలన్న టెన్షన్ లేకపోతే ఆ గుడి వేరేగా కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద వాలుగా నిలబెట్టిన మదనికల బొమ్మలు నల్లరాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ నల్లరాతి నగల్లో ఒక్కొక్క పూసా విడిగా కనిపించింది. మధ్యాహ్నానికి అదే బొమ్మ నున్నగా, చదునుగా కనిపించింది. హడావుడిగా వచ్చిన బృందాలు నంది దగ్గర సెల్ఫీ దిగి, నీళ్లలో తేలే ఇటుకల కథ విని వెళ్లిపోయాయి. ఆ ఇటుకలు గోపురం పైన ఉన్నాయి. బరువు తగ్గించడానికి తేలికగా కాల్చినవి. కింద పునాదిలో ఇసుక నింపారు. బరువు ఎక్కడ తగ్గించాలో, నేల కదిలితే ఏది సర్దుకోవాలో 800 ఏళ్ల కిందటే ఆలోచించుకున్నారు. 2021 జులైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించాక జనం బాగా పెరిగారు.

జనంతో పాటు చెత్తా వచ్చింది. రామప్ప చెరువు కట్ట మీద థర్మకోల్ పళ్లేలు, ప్లాస్టిక్ చెంచాలు పడి ఉన్నాయి. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన సరుకే ఇదంతా. ఈ చెరువు కూడా కాకతీయుల కాలానిదే. దీని నీళ్లతో ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. కట్ట మీది పళ్లెం గాలికి ఎగిరితే పోయేది మడిలోకే, నాట్లు వేసేవాళ్ల కాళ్ల కిందికే. చిన్నమ్మ మూటలోంచి సర్వపిండి, పులిహోర, మోదుగాకు విస్తర్లు బయటికి తీసింది. గుడి బయట టీ కొట్టులో 20 లీటర్ల క్యాన్ నుంచి మా సీసాలు నింపుకున్నాం. కొట్టాయన డబ్బులు వద్దన్నాడు. మేమే ఇంకో చాయ్ తాగాం.

మర్నాడు చల్వాయిలో దిగి లక్నవరం వెళ్లాం. లోపలికి అడవి దారి. కార్ల అద్దాల్లోంచి కోతులకు చిప్స్ విసిరేవాళ్లను చూసి మా అమ్మాయి ఆటోలోంచే అరిచింది, ఎవరికీ వినపడలేదు. కోతి చిప్స్ తిని కవర్ రోడ్డు మీద పడేస్తుంది, రుచి మరిగి మళ్లీ రోడ్డు మీదికే వస్తుంది, ఎప్పుడో ఏ బండి కిందో పడుతుంది.

లక్నవరంలో ఊగే వంతెన మీద నడిచాం, ఇంజన్ పడవ ఎక్కలేదు. దీవి మీద రాత్రి ఉండాలని మా ఆయనకు ఉంది. నాకే ఒప్పలేదు. చెరువు మధ్య పడక వేస్తే అక్కడి ప్రతి చెత్త బుట్టా పడవ మీదే ఒడ్డుకు రావాలి. ఎవరైనా ఒక్కరోజు బద్ధకిస్తే అది కలిసేది ఆ నీళ్లలోనే.

ఇబ్బందులూ చెప్పాలి. చల్వాయిలో తిరుగు బస్సు కోసం గంట దాటి నిలబడ్డాం, చిన్నమ్మ నన్ను సన్నగా తిట్టింది. రెండు రోజుల ఆటో ఖర్చు కలిపితే బస్సులో మిగిలింది కాస్తా పోయింది. శనాదివారాల్లో ములుగు నుంచి ఈ రెండు చోట్లకీ కలిపి టైముకు తిరిగే చిన్న బస్సులుంటే సగం కార్లు హన్మకొండలోనే ఆగిపోతాయని నా నమ్మకం. అప్పటిదాకా చిన్నపిల్లలు, నడవలేని పెద్దవాళ్లు ఉన్నవాళ్లు కారులో వస్తే తప్పు పట్టను. నాలుగు సీట్లూ నింపుకుని, రెండు చోట్లే చూడండంటాను.

మిగిలిన సాయంత్రం వరంగల్ కొత్తవాడకు పోయాం. ఇక్కడి మగ్గాల జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. గుడి దగ్గర కొనే ప్లాస్టిక్ బొమ్మ వారం కూడా ఉండదు. చిన్నమ్మ పెళ్లినాటి జంపఖానా ఇప్పటికీ వాడుకలో ఉంది. నేత ఆయన చెప్పిన ధర నాకు సబబుగానే అనిపించింది. చిన్నమ్మ ఊరుకుంటుందా? "పెద్దమనిషివి, ఒక్క మాట చెప్పు" అంటూ కూర్చుంది. ఆయన నవ్వి, తగ్గించకుండా నూలు దారంతో మడతకు గట్టి ముడి వేసిచ్చాడు. రైల్లో దాన్ని మోసే పని అల్లుడిదే.