కోటగుమ్మం దగ్గర ఒక సాయంత్రం

ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి లంకల వైపు సాగిపోయే గోదావరి, ఒక్క నదిగా నిండుగా కనిపించే చివరి తావు రాజమహేంద్రవరం. ఆ నగరానికి నడిబొడ్డు ఏదని అడిగితే కొందరు దేవీచౌక్ పేరు చెబుతారు, కొందరు కోటిపల్లి బస్టాండ్ అంటారు. నేను మాత్రం కోటగుమ్మమనే అంటాను. చిన్నప్పుడు కోనసీమలోని మా ఊరి నుంచి తాతగారి వేలు పట్టుకుని వచ్చి, బస్సు దిగి నడిచి ఆ కూడలికి చేరగానే ఆయన "ఇదేరా కోటగుమ్మం" అని చూపించేవారు. నేను నాలుగు దిక్కులా కోట కోసం వెతికేవాణ్ణి. రిక్షాలు, పూలబుట్టలు తప్ప నాకేమీ కనిపించేవి కావు.

కోట లేకపోయినా పేరు నిలిచి ఉండటమే ఈ కూడలి గొప్పతనమని ఇప్పుడు నాకనిపిస్తుంది. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు ఏలిన ఊరు ఇది. ఆయన కోరిక మీదనే నన్నయ మహాభారతాన్ని తెనిగించడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత రెడ్డిరాజులకు రాజధాని అయింది, గజపతుల చేతిలోకీ వెళ్లింది. ఇంత కథను ఒక్క మాటలో మోస్తున్న ఈ కూడలిలో, ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుగులో చెప్పే పలక ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఫ్లెక్సీలకు దొరికే చోటులో పిసరంత దానికి ఇస్తే చాలని నా కోరిక.

ఇక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే గోదావరి స్టేషను, పుష్కర రేవు. పన్నెండేళ్లకొకసారి పుష్కరాలకు దేశమంతా ఇక్కడికి కదిలి వస్తుంది. 2015 తర్వాత మళ్లీ 2027లో ఆ సందడి. నాకు మాత్రం మామూలు రోజుల సాయంత్రాలే ఇష్టం. అరటి దొప్పలో పసుపు, కుంకుమ, రెండు బంతిపూలు పెట్టి, వత్తి వెలిగించి ఒక పెద్దావిడ మెట్టు మీద వంగి నీటిలోకి వదిలితే, ఆ దొప్ప కాసేపు మెట్టునే పట్టుకుని ఊగి, ప్రవాహం తగలగానే గిర్రున తిరిగి ముందుకు సాగింది. ఆవిడ అది కనుమరుగయ్యే దాకా చేతులు జోడించే నిలబడ్డారు.

రేవులో నిలబడితే వంతెనలు కనిపిస్తాయి. 1900లో మొదటి రైలు దాటిన హేవలాక్ వంతెన 56 ఖానాలతో దాదాపు వందేళ్లు బరువు మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. దానిని తీసెయ్యకుండా ఉంచడం మంచి పని.

దేవీచౌక్‌ను దసరా రాత్రుల్లో చూడాలి. పద్యనాటకం తెల్లవారేదాకా సాగుతుంటే రాగం తీసిన చోటల్లా "వన్స్ మోర్" అని కేకలు వినిపించేవి. ఇక 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు చూడకుండా నేను ఎవరినీ వెనక్కి పంపను. ఎండలో తిరిగి వచ్చినవారికి మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ ఇప్పించడం మా తాతగారి అలవాటు. ఇప్పుడు అది నాది. గ్లాసు పైన తేలే కోవా తునకలను చివరిదాకా దాచుకుని తింటాను, అప్పటిలాగే.