ఉడుము మీది గోమారికి పేరు వెతకడం

దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో నేను చేసే ఉద్యోగం ఏమిటో నర్సంపేటలోని మా వాళ్లకు వివరించడానికి చాలా కాలం పట్టింది. బల్లులు, ఉడుములు, పాముల ఒంటిమీద బతికే గోమార్లను సేకరించి, ఏది ఏ జాతిదో తేల్చి, ఇంతవరకు ఎవరూ పేరు పెట్టనిది ఏదైనా తగిలితే దానిని శాస్త్రీయంగా వర్ణించే బృందానికి సాయపడటం నా పని. "బర్రె మీదున్నా బల్లి మీదున్నా గోమారి గోమారే గదా బిడ్డా, దానికి మల్ల పేరెందుకు?" అని బాపు ఫోన్లో అడిగాడు. "అట్ల కాదు బాపు, బర్రె మీద పెరిగేది వేరు, బల్లి మీద పెరిగేది వేరు. రోగం మోసేది ఏదో తెల్వాలంటే ముందు దాని పేరు తెల్వాలె" అన్నాను. జీవితమంతా పశువుల చెవుల్లోంచి, పొదుగు దగ్గర నుంచి గోమార్లను ఏరిన మనిషి కనుక ఆ మాట ఆయనకు వెంటనే పట్టింది.

ప్రపంచంలో ఇప్పటికి పేరున్న గోమారి జాతులు దాదాపు 900. మన దేశంలో వందకు పైగా ఉన్నాయి. వీటిలో మనిషికి హాని చేసేవి కొన్నే, కానీ ఆ కొన్ని ఏవో చెప్పగలగడమే అసలు విషయం. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో అడవి కోతులు చనిపోవడం, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు జ్వరాల పాలు కావడం మొదలైనప్పుడు, ఆ అడవిలో ఉన్న అనేక రకాల గోమార్లలో హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే జాతి ప్రధానంగా ఆ జ్వరానికి కారణమైన వైరస్‌ను మోస్తున్నదని తేల్చగలిగారంటే, దానికి ముందు ఆ జాతిని మిగతావాటి నుంచి విడదీసి గుర్తుపట్టగలిగినవాళ్లు ఉండబట్టే సాధ్యమైంది. ఆస్ట్రేలియాలోనూ అలాంటి ఉదాహరణ ఉంది. టాస్మేనియాకు చెందిన ఫ్లిండర్స్ ద్వీపంలో ఒక వైద్యుడు తన రోగుల్లో పదేపదే చూసిన మచ్చల జ్వరం గురించి 1991లో ప్రచురించాడు. ఆ జ్వరానికి కారణమైన రికెట్సియా హోనీ అనే సూక్ష్మజీవి తర్వాత సరీసృపాల మీద బతికే బోత్రియోక్రోటాన్ హైడ్రోసౌరీ అనే గోమారిలో దొరికింది. సరీసృపాల గోమారి సరీసృపాలకే పరిమితమని అనుకోవడానికి వీల్లేదన్నమాట.

ఈ బోత్రియోక్రోటాన్ హైడ్రోసౌరీయే నేను ఇక్కడికి వచ్చాక మొదట నేర్చుకున్న జాతి. దీనికి ఆశ్రయమిచ్చే జంతువును ఇక్కడివాళ్లు స్లీపీ లిజర్డ్ అంటారు. మన నలికిరి కుటుంబానిదే అయినా జానెడుకు మించి పొడవు, బరువైన ఒళ్లు, తలను పోలిన మొద్దు తోక దీని ప్రత్యేకత. వసంతంలో ఆడ, మగ జంటగా తిరుగుతాయి, చాలా జంటలు ఏటేటా మళ్లీ కలుసుకుంటాయి. అడిలైడ్‌కు ఈశాన్యంగా మౌంట్ మేరీ అనే చోట, ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ బుల్ 1982 నుంచి దశాబ్దాల పాటు ఈ బల్లులను, వాటి గోమార్లను గమనించాడు. అక్కడి విశేషం ఏమిటంటే, దక్షిణం నుంచి వచ్చే హైడ్రోసౌరీ, ఉత్తరాన పొడి నేలల్లో ఉండే ఆంబ్లియోమ్మా లింబేటమ్, రెండూ ఒకే బల్లి మీద బతకగలిగినవే అయినా, ఒకదాని ప్రాంతం ముగిసిన చోట రెండోదాని ప్రాంతం మొదలవుతుంది, రెండూ కలిసి కనబడే పట్టీ చాలా సన్ననిది. ఎండను, నీటి కొరతను తట్టుకునే శక్తిలో రెండింటికీ తేడా ఉంది, కానీ ఆ తేడా ఒక్కటే ఆ గీతను పూర్తిగా వివరించదు. కంచె లేదు, నది లేదు, అటూ ఇటూ అవే పొదలు, అదే బల్లి. నా మటుకు నాకు ఇక్కడి భూభాగం మీద గౌరవం కలిగింది ఆ గీత దగ్గరే.

బయట తిరిగి గోమార్లను సేకరించే కాలం సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు, బల్లులు ఎండకాచుకోవడానికి బయటికి వచ్చేది అప్పుడే కనుక, దసరాకు ఊరికి రావడం నాకు కుదరదు. బల్లిని పట్టుకున్నవాళ్లు దాని చెవి రంధ్రాలు, చంకలు, పొలుసుల సందులు చూస్తారు. గోమారిని సన్నని పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిదానంగా లాగాలి. తొందరపడితే నోటి భాగం చర్మంలోనే తెగిపోతుంది, గుర్తింపుకు అన్నింటికంటే అవసరమైనది ఆ నోరే. తీసినదాన్ని గాఢమైన ఆల్కహాల్‌లో వేస్తాం. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. సీసా లోపల వేసే చీటీ పెన్సిల్‌తో రాయాలి, ఎందుకంటే పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఆ చీటీలో తేదీ, స్థలం, ఏ జంతువు, ఒంటిమీద ఏ భాగం అన్న నాలుగు వివరాలు లేకపోతే లోపలున్న గోమారి ఎంత అరుదైనదైనా దాని విలువ సగానికి పైగా పోయినట్లే.

ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పెట్టాక మొదట వయసు, లింగం తేల్చుకుంటాం. ఆరు కాళ్లుంటే లార్వా. ఎనిమిది కాళ్లుండి జననేంద్రియ ద్వారం లేకపోతే అది ఇంకా పూర్తిగా ఎదగని దశ. స్క్యూటమ్ అనే గట్టి వీపు పలక వీపంతా కప్పి ఉంటే మగది, ముందు భాగానికే పరిమితమైతే ఆడది. రక్తం తాగి ఆముదపు గింజలా ఉబ్బిన ఆడ గోమారిని చూసి పరిమాణం మీద ఏ నిర్ణయానికీ రాకూడదు, శరీరం ఎంత సాగినా ఆ పలక సాగదు కనుక కొలతలన్నీ పలక మీదే తీసుకుంటాం. ఒంటిమీది ఆల్కహాల్ ఆరేవరకు ఆగితే కొన్ని జాతుల్లో పలక మీద దంతపు రంగు, రాగి రంగు మచ్చలు తేలివస్తాయి. తడిగా ఉన్నంతసేపు అవి సరిగా కనబడవు. ఆ తర్వాత చర్మంలోకి దిగే హైపోస్టోమ్ మీద పళ్ల వరుసలు ఎన్ని, కోక్సా అనే కాలి మొదటి కణుపు మీద ముళ్లు ఎన్ని, ఎంత పొడవు, శ్వాసరంధ్రం చుట్టూ ఉన్న పలక ఆకారం ఎలా ఉంది, వీపు పలక అంచున కళ్లు ఉన్నాయా లేవా అన్నవి ఒక్కొక్కటే నమోదు చేస్తాం. లింబేటమ్‌కు కళ్లున్నాయి, హైడ్రోసౌరీకి లేవు. అంచున నూనెచుక్కలా మెరిసే ఆ చిన్న బొడిపె కోసం దీపాన్ని ఏ కోణంలో తిప్పాలో చేతికి అలవాటు కావాల్సిందే.

ఈ కళ్ల సంగతికి పెద్ద చరిత్రే ఉంది. 1899లో ఫ్రెంచి పశువైద్యుడు నాయ్‌మాన్, కళ్లు లేని గోమార్ల కోసం ఆపోనోమ్మా అనే ప్రజాతిని (దగ్గరి బంధువులైన జాతులను ఒకచోట చేర్చే వర్గాన్ని) ఏర్పరిచాడు. వాటిలో ఎక్కువ భాగం సరీసృపాల మీద బతికేవి. వందేళ్ల పాటు పుస్తకాలన్నీ దాన్నే అనుసరించాయి. కళ్లు లేకపోవడం అనే ఒక్క లక్షణం బంధుత్వానికి రుజువు కాదని, ఆ గుంపులో వేర్వేరు వంశాలు కలిసిపోయాయని తేలాక, 2002లో క్లోంపెన్, డాబ్సన్, బార్కర్ అనే శాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని రద్దు చేశారు. ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతపు జాతులు కొన్ని బోత్రియోక్రోటాన్ కిందికి, మిగతావి ఆంబ్లియోమ్మా కిందికి వెళ్లాయి. న్యూజిలాండ్‌లో బల్లిలా కనబడే టువటారా అనే సరీసృపం మీద మాత్రమే బతికే గోమారిని, అమెరికా టెక్సాస్ ప్రాంతపు పాము మీది ఇంకో గోమారిని 2018లో విడిగా రెండు కొత్త ప్రజాతులుగా చేశారు. మన ఉడుము మీది గోమారి కూడా ఈ మార్పులో భాగమే. 1847లో లూకాస్ అనే శాస్త్రవేత్త వర్ణించిన ఆ జాతి పాత భారతీయ జాబితాల్లో ఆపోనోమ్మా గెర్వైసీగా, ఇప్పటి పత్రాల్లో ఆంబ్లియోమ్మా గెర్వైసీగా కనబడుతుంది.

కొత్త జాతి అని ప్రకటించడం అంటే ఏమిటో నాకు ఇక్కడికి వచ్చాకే బోధపడింది. తెలియనిది దొరకడం కష్టం కాదు, తెలిసినవాటిలో ఏదీ కాదని నిరూపించడమే కష్టం. ఆ ప్రజాతిలో ఇంతవరకు పేరున్న ప్రతి జాతి మూల నమూనాతోనో (మొదటి వర్ణనకు ఆధారంగా మ్యూజియంలో భద్రపరిచినదానితో), కనీసం దాని నమ్మకమైన వర్ణనతోనో పోల్చాలి. ఆ వర్ణనలు లాటిన్‌లో, జర్మన్‌లో, ఫ్రెంచిలో ఉంటాయి. కొన్నింటిలో మగదాన్ని మాత్రమే వర్ణించి వదిలేశారు, కొన్నింటిలో ఏ జంతువు మీద దొరికిందో కూడా రాయలేదు. కణంలోని మైటోకాండ్రియా అనే భాగంలో ఉండే 16ఎస్, సీఓ1 అనే జన్యువుల అక్షరక్రమాన్ని పోల్చడం ఇప్పుడు తప్పనిసరి అయింది. అయితే పాత జాతి జన్యు సమాచారం ఎక్కడా నమోదై లేకపోతే "దేనితోనూ కలవడం లేదు" అన్న ఫలితానికి అర్థమే లేదు. అందుకే రూపం, జన్యువు రెండూ ఒకే మాట చెప్పేవరకు మా సీసా మీద ప్రజాతి పేరు రాసి, జాతి స్థానంలో ఖాళీ వదిలేస్తాం. అలా ఖాళీతో ఏళ్ల తరబడి అరల్లో ఎదురుచూస్తున్న సీసాలు ఇక్కడ ఉన్నాయి, వాటిని చూసే పనివాళ్లకు మాత్రం ఏడాదికొకసారి పొడిగించే ఒప్పందాలే దొరుకుతాయి. నా వీసా కూడా ఆ కాగితం మీదే ఆధారపడి ఉంది కనుక ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

జనవరి, ఫిబ్రవరిలో ఊరికి వచ్చినప్పుడు హన్మకొండలో జువాలజీ చదువుతున్న పిల్లలతో కూర్చుంటాను. పాకాల, ఏటూరునాగారం అడవుల్లో ఉడుములు ఉన్నాయి, జెర్రిపోతులు పొలాల్లోనే తిరుగుతుంటాయి, గెర్వైసీ ఈ రెండింటి మీదా దొరికే జాతి. అయితే మన ప్రాంతంలో ఉన్నదంతా గెర్వైసీయేనా, దాని దగ్గరి బంధువు వరనెన్సీ కూడా ఉందా, ఈ రెండూ కానిది ఏదైనా ఉందా అన్న ప్రశ్నకు వరంగల్‌లోనే కూర్చుని జవాబు వెతకాలని నా కోరిక. మన దేశానికి ఇది కొత్త పని కాదు. 1928లోనే షరీఫ్ అనే పరిశోధకుడు కలకత్తా ఇండియన్ మ్యూజియం నమూనాలను ముందు పెట్టుకుని భారతదేశపు గట్టి వీపు గోమార్లను సమీక్షించాడు. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న మాత్రం "ఉడుమును పట్టుకోవచ్చా?" అని. పట్టుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు అది, మాంసం కోసమైనా చదువు కోసమైనా అనుమతి లేకుండా దాని మీద చెయ్యి వేయడం నేరం.

ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి అడవిలో వదిలే కుర్రవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. జెర్రిపోతు పొలుసుల కింద గోమార్లను వాళ్లు తరచుగా చూస్తూనే ఉంటారు, చూసి గోటితో లాగి పారేస్తారు. అటవీ శాఖ అనుమతి తీసుకుని, వదిలే ముందు ఆ గోమార్లను ఆల్కహాల్ సీసాలో వేసి చీటీ రాసి ఉంచితే, ఏ జంతువునూ ప్రత్యేకంగా పట్టనక్కర లేకుండానే కొన్నేళ్లలో ఒక మంచి సేకరణ తయారవుతుంది. ఆ సీసాలను నేను అడిలైడ్‌కు పట్టుకుపోను, పట్టుకుపోవాలని కూడా లేదు. జీవ నమూనాలు దేశం దాటాలంటే జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి కావాలి, ఇక్కడ దిగేటప్పుడు ఆస్ట్రేలియా అధికారుల అనుమతి వేరు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి ఏదైనా కనుగొంటే దేశంలోనే నిర్ణయించిన భాండాగారానికి తెలిపి, నమూనాను అక్కడ జమ చేయాలి. ఆ నిబంధన నాకు చాలా ఇష్టం. పాకాల ఉడుము మీది గోమారిని చూడటానికి రేపు ఇంకెవరో విద్యార్థి ప్యారిస్‌కో లండన్‌కో ఉత్తరం రాసి ఎదురుచూడనక్కర లేదు.

ప్రస్తుతానికి మాకు ఒక స్టీరియో సూక్ష్మదర్శిని, దానికి కొలత గీతలున్న కంటి కటకం, మంచి ఆల్కహాల్, మూత గట్టిగా పట్టే చిన్న సీసాలు కావాలి. అటవీ శాఖకు పెట్టాల్సిన దరఖాస్తు ముసాయిదాను పిల్లలే రాశారు. అందులో ఏ జంతువులు, ఏ మండలాలు, ఎన్నేళ్లు అన్న వివరాలు నింపి, అడిలైడ్ నుంచి నేను చూసి పంపిన తర్వాత వాళ్ల అధ్యాపకులు సంతకం చేస్తారు.